ఓటమి సీజన్‌లో ఉన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చదువుకోవడానికి వెళ్లినవాళ్లు మొదటి ఏడాదే తమ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని ఆడే ఆట) జట్టు మీద ప్రేమ పెంచుకుంటారు. ఆ జట్టు వరసగా ఓడిపోవడం మొదలయ్యాక సందేహాలు కూడా మొదలవుతాయి. అక్టోబరు సగం గడిచేసరికి అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. గెలుపోటముల పట్టిక జట్టు గురించి సగమే చెబుతుందని, మిగతా సగం కోసం ఆటలోపలికి చూడాలని నా నమ్మకం. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

ఎన్ని ఆటలు ఓడితే ఓటమి సీజన్ అంటారు?

గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువైతే చాలు. పైస్థాయి అయిన ఎఫ్‌బీఎస్‌లో ఒక్కో జట్టు మామూలుగా 12 ఆటలు ఆడుతుంది. 6 గెలిస్తే డిసెంబరు, జనవరి నెలల్లో జరిగే బౌల్ ఆటలకు, అంటే మామూలు సీజన్ తర్వాతి అదనపు ఆటలకు, అర్హత వస్తుంది. బౌల్ ఆటలకు సరిపడా జట్లు లేని ఏడాది 5 గెలిచి 7 ఓడిన (5–7) జట్లను కూడా పిలుస్తారు. అప్పుడు ఆటగాళ్ల చదువు ఎలా సాగుతోందో కొలిచే ఏపీఆర్ అంకె ఏ జట్టుకు ఎక్కువగా ఉంటే దానికి ముందు పిలుపు వస్తుంది. 6–6తో బౌల్‌కు వెళ్లి అక్కడ ఓడి 6–7తో ముగించే జట్లూ ఉంటాయి. లెక్క ప్రకారం వాటిదీ ఓటమి సీజనే.

ఆరో గెలుపు కోసం కోచ్‌లు అంతగా తపించడానికి అసలు కారణం ప్రాక్టీసు. బౌల్‌కు వెళ్లే జట్టుకు డిసెంబరులో సుమారు 15 ప్రాక్టీసులు అదనంగా దొరుకుతాయి. సీజనంతా బెంచీ మీదే గడిపిన మొదటి ఏడాది కుర్రాళ్లకు అవి వరం. 5–7 దగ్గర ఆగిపోయిన జట్టు ఇంటికి వెళ్లిపోతుంది, పక్క రాష్ట్రం జట్టు మాత్రం ప్రాక్టీసు చేస్తూనే ఉంటుంది.

స్కోర్లు చూస్తే అన్నీ దగ్గరి ఆటలే, రికార్డు మాత్రం 3–9. మా జట్టు బాగున్నట్టా, లేనట్టా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా 2021 నాటి నెబ్రాస్కానే చూపించాలి. ఆ ఏడాది వాళ్లు 3–9. ఓడిన 9 ఆటల్లోనూ తేడా ఒక్క అంకెలోనే ఉంది. అన్నిటికంటే పెద్ద ఓటమి ఒహాయో స్టేట్ చేతిలో 26–17, అంటే 9 పాయింట్లు. మిషిగన్‌తో 3 పాయింట్ల తేడా, ఓక్లహోమాతో 7. గెలిచిన మూడింటిలో నార్త్‌వెస్టర్న్ మీద 56–7, ఫోర్డమ్ మీద 52–7, బఫెలో మీద 28–3. సీజన్ మొత్తం కూడితే ప్రత్యర్థులకు ఇచ్చినదానికంటే 63 పాయింట్లు ఎక్కువే సాధించారు. 9 ఆటలు ఓడిన జట్టుకు ఇలాంటి లెక్క చాలా అరుదు.

వాటిలో ఒక ఆటను దగ్గరగా చూద్దాం. ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్‌తో ఆట. నాలుగో క్వార్టర్‌లో సుమారు నాలుగు నిమిషాలు మిగిలాయి, నెబ్రాస్కా 20–13తో ముందుంది. సెకండ్ హాఫ్ అంతా వాళ్ల డిఫెన్స్ ప్రత్యర్థికి ఒక్క ఫస్ట్ డౌన్ కూడా ఇవ్వలేదు, అంటే నాలుగు ప్రయత్నాల్లో (డౌన్లలో) 10 గజాలు ముందుకు పోనివ్వలేదు. ఇంకేం కావాలి? నెబ్రాస్కా పంట్ కొట్టింది, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలింది. బంతిని ఆపాల్సిన ఆటగాళ్లంతా కుడివైపు పరుగెత్తారు, బంతి ఎడమవైపు వెళ్లింది. జేడెన్ రీడ్ దాన్ని అందుకునేసరికి ముందు మైదానమంతా ఖాళీ. 62 గజాలు పరుగెత్తి, బంతిని మైదానం చివరి ఎండ్ జోన్‌లోకి చేర్చి టచ్‌డౌన్ చేశాడు, స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో నెబ్రాస్కా ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చింది (వాళ్ల పాస్ ప్రత్యర్థికి చిక్కింది), మిషిగన్ స్టేట్ ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్ని) 23–20గా గెలిచింది.

మూడు గంటలు బాగా ఆడిన జట్టు ఒక్క తన్నుతో ఓడిపోయింది. దీన్ని దురదృష్టం అనవచ్చు. కానీ ఏడాదంతా ఇలాంటివే జరిగితే మాత్రం ఇలా బంతిని తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్ మీద ఎవరు శ్రద్ధ పెడుతున్నారని అడగాలి. రెండూ నిజం కావచ్చు. 8 పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ముగిసే ఆటల్లో ఏళ్ల తరబడి ఎక్కువ జట్ల ఫలితం సగం సగానికి దగ్గరగానే తేలుతుంది. అందుకే దగ్గరి ఆటలు ఎక్కువగా ఓడిన జట్టు మరుసటి ఏడాది మెరుగుపడే అవకాశం ఎక్కువ. 35–10, 42–14 స్కోర్లతో 3–9కి చేరిన జట్టుకు అలాంటి భరోసా లేదు. మీ జట్టు స్కోర్లను ఒక కాగితం మీద రాసుకుని ఈ రెండింటిలో ఏ వర్గానికి చెందుతుందో ముందు తేల్చుకోండి.

మూడు క్వార్టర్లు బాగానే ఆడతారు, నాలుగో క్వార్టర్‌లో కూలిపోతారు. మనోధైర్యం లేదా?

టీవీ వ్యాఖ్యాతలు మనోధైర్యం గురించి మాట్లాడతారు. నా చూపు మాత్రం ముందు ఆటగాళ్ల లోతు మీదకు పోతుంది, అంటే మొదటి వరసలో ఆడేవాళ్ల వెనక ఉన్న రెండో, మూడో వరస మీదకు. అందులోనూ బంతి ఉన్న జట్టు ముందు వరస అయిన అఫెన్సివ్ లైన్, దానికి ఎదురుగా నిలిచే డిఫెన్సివ్ లైన్. ఒక్కొక్కరూ 130 కిలోలకు పైబడిన మనుషులు ప్రతి ఆటలోనూ అరవై, డెబ్బై సార్లు ఒకరినొకరు ఢీకొంటారు. పెద్ద ప్రోగ్రాముల్లో డిఫెన్సివ్ లైన్‌లో ఎనిమిది, తొమ్మిది మందిని వంతులవారీగా తిప్పుతారు. మీ జట్టులో నమ్మదగినవాళ్లు ఐదుగురే ఉంటే నాలుగో క్వార్టర్‌కు వాళ్ల కాళ్లలో సత్తువ ఉండదు. మొదటి క్వార్టర్‌లో రెండు గజాల దగ్గర ఆగిన పరుగు అప్పుడు ఆరు గజాలు పోతుంది.

ఈసారి ఆట చూస్తున్నప్పుడు బంతిని వదిలేసి లెఫ్ట్ టాకిల్‌ను చూడండి. పాస్‌లు విసిరే కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కు కనపడని వైపును కాచేది అతనే. అతను గాయపడి ఒక కుర్రాడు ఆ స్థానంలోకి వచ్చాక ఏమి జరుగుతుందో గమనించండి. మొదట అతనికి సాయంగా టైట్ ఎండ్‌ను పక్కన నిలబెడతారు. దాంతో పాస్ కోసం పరుగెత్తే రిసీవర్ ఒకరు తగ్గుతారు. క్వార్టర్‌బ్యాక్ దూరం చూడడం మానేసి తన మీదకు వచ్చేవాళ్లను చూడడం మొదలుపెడతాడు. పొడవైన పాస్‌లు పోయి పొట్టి పాస్‌లు మిగులుతాయి. మూడో డౌన్‌లో 8 గజాలు కావాల్సిన చోట 4 గజాల పాస్ వేసి పంట్ కొడతారు. స్టేడియం క్వార్టర్‌బ్యాక్ మీద కేకలు వేస్తుంది.

అయితే క్వార్టర్‌బ్యాక్‌ను మార్చితే సరిపోదా?

పై జవాబులో ఉన్న పరిస్థితి మీదైతే సరిపోదు. కొత్తవాడినీ ఆ లైన్ వెనకే నిలబెడతారు కదా. లైన్ నిలబడుతున్నా బంతి తప్పుడు చోటికి పోతుంటే, మార్చి చూడడంలో అర్థముంది. నవంబరులో ఓడిపోతున్న జట్లు మొదటి ఏడాది కుర్రాడికి అవకాశం ఇవ్వడం వెనక ఇంకో లెక్క ఉంది. 2018 నుంచి ఆటగాడు 4 ఆటల వరకు ఆడినా ఆ ఏడాది అతని అర్హత కాలంలోంచి పోదు. దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. చివరి నాలుగు ఆటలు అతనికి ఉచితంగా దొరికిన అనుభవం.

కోచ్‌ను ఎందుకు తీసేయరు?

ఒక్కోసారి తీసేయలేరు. కాంట్రాక్టు మధ్యలో పంపితే మిగిలిన జీతంలో పెద్ద భాగం కట్టాలి. దాన్నే బైఅవుట్ అంటారు. 2022లో 5–7తో ముగించిన టెక్సస్ ఏ అండ్ ఎమ్, మరుసటి ఏడాది నవంబరులో జింబో ఫిషర్‌ను పంపేసినప్పుడు ఆ మొత్తం 7.5 కోట్ల డాలర్లు దాటింది. కొత్త కోచ్, అతని సహాయకులు, వెళ్లిపోయే సహాయకుల లెక్కలు దానికి అదనం.

ఒక్కోసారి తీసేయకూడదు కూడా. 2021లో టులేన్ 2–10. ఇడా తుపాను వల్ల సీజన్ మొదట్లోనే జట్టు న్యూ ఓర్లీన్స్ వదిలి బర్మింగ్‌హామ్‌కు మారాల్సి వచ్చింది. సొంత గడ్డ మీద ఆడాల్సిన ఓక్లహోమా ఆటను నార్మన్‌కు వెళ్లి ఆడి 40–35తో ఓడారు. ఆ 2–10ని చూసి కోచ్ విల్లీ ఫ్రిట్జ్‌ను పంపేసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. యూనివర్సిటీ అతన్ని ఉంచుకుంది. 2022లో టులేన్ 12–2తో తన కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్) గెలిచి, కాటన్ బౌల్‌లో యూఎస్‌సీని 46–45తో ఓడించింది. 2016లో 4–8 అయిన నోటర్‌డామ్ కూడా బ్రయన్ కెల్లీని ఉంచి, అతని కింద ఉన్న కోఆర్డినేటర్లను (అఫెన్స్, డిఫెన్స్ నడిపే సహాయ కోచ్‌లను), శారీరక శిక్షణ చూసేవారిని మార్చింది. 2017లో 10–3, ఆ తర్వాతి ఏడాది జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్.

ఇక స్కాట్ ఫ్రాస్ట్. 2015లో 0–12 అయిన యూసీఎఫ్‌ను తీసుకుని రెండేళ్లలో 13–0 చేశాడు. పైన చెప్పిన నెబ్రాస్కా 3–9 జట్టుకు కోచ్ కూడా ఇతనే. 2022 సెప్టెంబరులో జార్జియా సదర్న్ చేతిలో 45–42తో ఓడాక అతన్ని తీసేశారు, అప్పటికి నెబ్రాస్కాలో అతని రికార్డు 16–31. ఒకే మనిషి ఒక చోట అద్భుతం చేసి ఇంకో చోట అంతగా తడబడ్డాడంటే, కోచ్ పేరు ఒక్కటే జవాబు కాదని ఒప్పుకోవాలి. ఆటగాళ్లు, లీగ్ స్థాయి, చేతిలో ఉన్న డబ్బు, చుట్టూ ఉన్న ఒత్తిడి, అన్నీ అందులో ఉంటాయి.

నా అభిప్రాయం అడిగితే, ఒక్క ఓటమి సీజన్‌కు కోచ్‌ను పంపడం తొందరపాటు. జట్టు ప్రతి వారం అదే తప్పు చేస్తూ, ఏడాది చివరికి మొదట్లోకంటే అధ్వానంగా ఆడుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఓడిపోతే ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి వెళ్లిపోతారటగా?

కొందరు వెళతారు. ఆటగాళ్లు యూనివర్సిటీ మారడానికి పేరు నమోదు చేసుకునే ఆ పోర్టల్ 2018లో మొదలైంది. 2021 నుంచి ఒకసారి మారినా ఏడాది ఆగకుండా వెంటనే ఆడవచ్చు, 2024 నుంచి చదువు నిబంధనలు పాటిస్తే ఎన్నిసార్లు మారినా ఆడవచ్చు. దీనికి 2025 నుంచి డబ్బు కూడా తోడైంది. ఆటగాళ్లకు చెల్లింపుల మీద కోర్టులో నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ ప్రకారం యూనివర్సిటీలు తమ క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. ఓడిన జట్టులో బాగా ఆడిన లైన్‌మన్‌కు జనవరిలో ఫోన్లు రాకుండా ఉండవు.

అదే తలుపు లోపలికి కూడా తెరుచుకుంటుంది. కొలరాడో 2022లో 1–11. డియాన్ సాండర్స్ వచ్చి జట్టును దాదాపు కొత్తగా కట్టాడు. 2023లో 3–0తో మొదలుపెట్టి 4–8తో ముగిసింది, 2024లో 9–4. పోర్టల్‌తో పరుగు వేగం తొందరగా కొనుక్కోవచ్చు, కలిసి రెండేళ్లు ఆడిన అఫెన్సివ్ లైన్‌ను మాత్రం కొనుక్కోవడం కష్టమని ఆ మొదటి ఏడాది చూపించింది.

ఇంతకంటే ఘోరంగా ఓడిన జట్లు ఉన్నాయా?

ఉన్నాయి. నార్త్‌వెస్టర్న్ 1979 నుంచి 1982 వరకు వరసగా 34 ఆటలు ఓడింది. పైస్థాయిలో అదే రికార్డు. 1982 సెప్టెంబరు 25న నార్తర్న్ ఇల్లినాయ్‌ను 31–6తో ఓడించినప్పుడు విద్యార్థులు గోల్‌పోస్టులు పెకలించి తీసుకెళ్లి మిషిగన్ సరస్సులో పడేశారు. 1995లో అదే నార్త్‌వెస్టర్న్ తన కాన్ఫరెన్స్ బిగ్ టెన్ గెలిచి రోజ్ బౌల్‌కు వెళ్లింది.

ఒక మెట్టు కింది డివిజన్‌లో కొలంబియా 44 ఆటలు వరసగా ఓడి, 1988లో ప్రిన్స్‌టన్ మీద 16–13తో గెలిచింది. ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎమ్ కథ ఇంకా కఠినం. 1989 నుంచి 1998 వరకు 80 ఓటములు. ఆ పరంపర లాంగ్‌స్టన్ మీద 14–12 గెలుపుతో ముగిసింది. అన్నేళ్లూ ఆ జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగిన కుర్రాళ్లను తలచుకుంటే నాకు గౌరవం తప్ప మరొకటి కలగదు. నాలుగేళ్లు ఆడి ఒక్క గెలుపూ చూడకుండా పట్టా తీసుకుని వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

తిరిగి లేవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

దీనికి ఒక లెక్క లేదు. ఆబర్న్ 2012లో 3–9, కాన్ఫరెన్స్‌లో 0–8. మరుసటి ఏడాదే అలబామా మిస్సయిన ఫీల్డ్ గోల్‌ను చివరి క్షణంలో వెనక్కి పరుగెత్తించి గెలిచి, కాన్ఫరెన్స్ చాంపియనై, జాతీయ టైటిల్ ఆటలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 34–31తో ఓడింది. ఒక్క ఏడాది చాలింది.

కాన్సస్ స్టేట్‌కు అలా కాదు. 1987లో 0–10–1 (ఆఖరిది సమమైన ఆట), 1988లో 0–11. అప్పుడు వచ్చిన బిల్ స్నైడర్ మొదటి ఏడాది గెలిచింది ఒక్క ఆట. నార్త్ టెక్సస్ మీద ఆఖరి బంతికి టచ్‌డౌన్ వేసి 20–17తో. తర్వాత 5–6, ఆ తర్వాత 7–4. 1998లో మొదటి 11 ఆటలూ గెలిచారు. 2003లో నంబర్ వన్‌గా ఉన్న ఓక్లహోమాను 35–7తో ఓడించి తమ కాన్ఫరెన్స్ బిగ్ 12 టైటిల్ తీసుకున్నారు. 1990లో 5–6 చూసి “ఇంకా ఓటమి సీజనే” అని పెదవి విరిచినవాళ్లు ఆ మెట్టును గుర్తించలేకపోయారు.

ఇప్పటి ఉదాహరణ ఇండియానా. 2025 సీజన్‌కు ముందు వరకు పైస్థాయి జట్లలో చరిత్రలోనే అత్యధిక ఓటములు మూటగట్టుకున్న ప్రోగ్రాముగా దానికి పేరుండేది. 2023లో 3–9. కర్ట్ సిగ్నెటీ వచ్చిన తొలి ఏడాదే 11–2తో ప్లేఆఫ్‌కు వెళ్లింది. 2025 సీజన్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా జాతీయ చాంపియన్ అయింది.

పడిపోవడం కూడా ఇంతే వేగంగా జరుగుతుంది. 2023లో 13–1 అయిన ఫ్లోరిడా స్టేట్ 2024లో 2–10.

ఆటగాళ్లు దీన్ని ఎలా తట్టుకుంటారు?

వాళ్లు 18 నుంచి 23 ఏళ్ల విద్యార్థులు. శనివారం 40 పాయింట్ల తేడాతో ఓడి, సోమవారం పొద్దున్నే మిగతా అందరితో కలిసి క్లాసులో కూర్చుంటారు. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి తప్పనిసరి సాధన ఉండకూడదని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం. కానీ ప్రయాణాలు, గాయాల చికిత్స ఆ లెక్కలోకి రావు. దీనికి తోడు ఇప్పుడు పందేలు. పందెం పోగొట్టుకున్నవాళ్లు ఆటగాళ్ల ఫోన్లకు పంపే బూతులు, బెదిరింపులు ఎంతగా పెరిగాయంటే, ఒక్కో ఆటగాడి ప్రదర్శన మీద పందేలను నిషేధించమని ఎన్‌సీఏఏ రాష్ట్రాలను కోరింది. జట్టు మీద కోపం రావడం సహజం. దాన్ని ఒక కుర్రాడి పేరు మీద ఆన్‌లైన్‌లో కుమ్మరించడం మాత్రం తప్పు. ఇందులో నాకు రెండో మాట లేదు.

బౌల్ ఆశలు పోయాయి. మిగిలిన ఆటలకు వెళ్లడం దండగేనా?

కానే కాదు. 2007లో స్టాన్‌ఫర్డ్ జట్టును చూడండి. అంతకుముందు ఏడాది 1–11. జిమ్ హార్బా కోచ్‌గా మొదటి ఏడాది. అక్టోబరు 6న లాస్ ఏంజెలెస్‌లో, దేశంలో రెండో ర్యాంకులో ఉన్న యూఎస్‌సీ మీద ఆడాలి. 41 పాయింట్ల తేడాతో ఓడతారని అంచనా. మొదటి క్వార్టర్‌బ్యాక్ ఆరోగ్యం బాగాలేక తవీటా ప్రిచర్డ్ తొలిసారి ఆట మొదలుపెట్టాడు. ఆఖరి నిమిషాల్లో నాలుగో డౌన్, 20 గజాలు కావాలి. బంతి రిచర్డ్ షెర్మన్‌కు అందింది. తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గొప్ప డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్న అతను అప్పట్లో రిసీవర్. కాసేపటికి మళ్లీ నాలుగో డౌన్, ఎండ్ జోన్‌కు 10 గజాలు. 49 సెకన్లు మిగిలి ఉండగా మార్క్ బ్రాడ్‌ఫర్డ్ టచ్‌డౌన్ పట్టాడు. 24–23. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ ముగించింది 4–8తోనే. 2010లో అదే కోచ్ కింద 12–1.

అదే 2007 డిసెంబరులో 4–7తో ఉన్న పిట్స్‌బర్గ్, రెండో ర్యాంకులో ఉండి జాతీయ టైటిల్ ఆటకు ఒక్క గెలుపు దూరంలో ఉన్న వెస్ట్ వర్జీనియాను వాళ్ల మైదానంలోనే 13–9తో ఓడించింది. 5–7తో ఇంటికి వెళ్లినా, ఆ రాత్రి గురించి పిట్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో కారణం సీనియర్ డే. సొంత మైదానంలో ఆఖరి ఆటకు ముందు ఆ ఏడాదితో వెళ్లిపోయే ఆటగాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. తల్లిదండ్రులు మైదానం మధ్యలో ఎదురుచూస్తుంటారు. స్కాలర్‌షిప్ లేకుండా నాలుగేళ్లు ప్రాక్టీసు జట్టులో దెబ్బలు తిన్న వాక్-ఆన్ కుర్రాడి పేరు కూడా ఆ రోజు మైకులో వినిపిస్తుంది. అందుకే ఆట మొదలయ్యే సమయానికి కాకుండా అరగంట ముందే వెళ్లండి.

వచ్చే ఏడాది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఏమి చూడాలి?

అన్నిటికంటే ముందు, రెండు లైన్లలోనూ మొదటి వరస ఆటగాళ్లలో ఎందరు తిరిగి వస్తున్నారో చూడండి. ఐదుగురు అఫెన్సివ్ లైన్‌మన్‌లలో నలుగురు వస్తుంటే నాకు ధైర్యం వస్తుంది. తర్వాత టర్నోవర్ల లెక్క, అంటే బంతిని ప్రత్యర్థికి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో. చేతిలోంచి జారిన బంతి ఎవరికి దొరుకుతుందనేది చాలావరకు అదృష్టం, అది ఏటా ఒకే జట్టును పట్టుకుని ఉండదు. ఇంటర్‌సెప్షన్లు అలా కాదు, వాటి వెనక తప్పుడు నిర్ణయాలుంటాయి. ఆటల పట్టిక కూడా చూడండి. కఠినమైన ప్రత్యర్థుల్లో ఎందరు మీ మైదానానికి వస్తున్నారో, ఎందరి దగ్గరకు మీరు వెళ్లాలో దాన్నిబట్టి రెండు ఆటలు అటూ ఇటూ అవుతాయి.

సీజన్ అయిపోయాక ఏయే తేదీలు గమనించాలి?

డిసెంబరు మొదట్లో హైస్కూలు ఆటగాళ్లు సంతకాలు చేసే రోజులు వస్తాయి. ఓడిన సీజన్ తర్వాత ఎందరు మాట మీద నిలబడ్డారో అక్కడ తెలుస్తుంది. జనవరిలో పోర్టల్ తెరుచుకుంటుంది. అప్పుడు పోయినవాళ్ల సంఖ్య లెక్కపెట్టుకుని బాధపడకండి, ఏ స్థానాల్లోంచి పోయారో చూడండి. నలుగురు రిసీవర్లు వెళ్లిపోవడంకంటే అఫెన్సివ్ లైన్ మధ్యలో నిలిచే సెంటర్ ఒక్కడు వెళ్లిపోవడం ఎక్కువ నష్టం. మార్చి, ఏప్రిల్ నెలల్లో వసంతకాలపు ప్రాక్టీసులు జరుగుతాయి. వాటిని కొన్ని యూనివర్సిటీలు జనానికి ఉచితంగా చూపిస్తాయి. వెళ్లగలిగితే వెళ్లి, స్టాండ్స్‌లో కింది వరసల్లో కూర్చుని, కొత్త లెఫ్ట్ టాకిల్ ఎవరో కనుక్కోండి.